మెదడు లోపలి గదులు

మన దేహములోని అవయవములలో మెదడునకున్నంత కట్టుదిట్టము మరి దేనికిని లేదు. గుండెను చెవియొగ్గి వినవచ్చును. కడుపును చేతితో నొక్కి చూడవచ్చును. మణికట్టున నాడిని మూడు వ్రేళ్లతో పట్టి చూచుట మన వైద్యులకు తరతరములుగా వచ్చిన విద్య. మెదడు ఒక్కటే ఎముకతో చేసిన పెట్టెలో కూర్చుండి, ఎవరికిని కనబడక, వినబడక, తక్కిన దేహమునంతటిని ఏలుచున్నది. అందువలన మెదడునకు వచ్చిన జబ్బును మనుష్యులు చిరకాలము మెదడు జబ్బుగా గుర్తింపలేదు. మూర్ఛ వచ్చినవానికి గాలి సోకినదన్నారు. ఎదుట లేని మనుష్యులతో మాటలాడువానికి దయ్యము పట్టినదన్నారు. అది కానిచో పూర్వజన్మ కర్మమన్నారు. అదియును కానిచో తల్లి పెంపకములో లోపమన్నారు. ఈ కడపటి మాట అన్నవారు పల్లెలలోని భూతవైద్యులు కారు, 20వ శతాబ్దమున పెద్ద పట్టములు పొందిన వైద్యులే. ఆ సంగతి తరువాత చెప్పెదము.

బ్రతికియున్న మనిషి మెదడును పుఱ్ఱె విప్పకుండ చూడవలెనను ప్రయత్నమునకు నూరేండ్లకు పైబడిన చరిత్ర కలదు. మేమిచట చెప్పదలచినది ఆ చరిత్రలోని యంత్రముల పట్టిక కాదు. మెదడు నడుమ ఒకదానితో ఒకటి కలిసిన నాలుగు చిన్న గదులున్నవి. ఆ గదులలో స్వచ్ఛమైన నీరువంటి ద్రవము తప్ప వేరేమియు లేదు. ఆలోచన అచట పుట్టదు, జ్ఞాపకము అచట నిలువదు. అయినను ఈ ఉత్త గదులే పలుమారులు వైద్యశాస్త్రము ఎదుట నిలిచి సాక్ష్యము చెప్పినవి. ఆ సాక్ష్యము ఎంతవరకు నమ్మదగినది, ఎచట ఆగిపోవుచున్నది అనునదియే మన విషయము.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్‌జెన్ పండితుడు ఎక్స్-రే కిరణములను కనుగొన్నప్పుడు, ఇక మానవదేహమున రహస్యమన్నది లేదని లోకమంతయు సంబరపడినది. విరిగిన ఎముక కనబడినది. మ్రింగిన నాణెము కనబడినది. మెదడు మాత్రము కనబడలేదు. పుఱ్ఱె ఎముక కిరణములను చాలవరకు ఆపివేయును. దానిని దాటిపోయిన కిరణములకు మెదడును, అందలి నీరును, అందు పెరిగిన కంతియును దాదాపు ఒకే తీరుగా నుండును. పాలలో నీటిబొట్టును వెదకినట్లు.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్‌కిన్స్ వైద్యశాలలో పనిచేయు వాల్టర్ డాండీ అను యువ శస్త్రవైద్యుడు. ప్రేవులలోని వాయువు ఎక్స్-రే పటములో స్పష్టముగా తెలియుచుండుట ఆయన బుద్ధికి తట్టినది. గాలి కిరణములను ఆపదు కనుక గాలి ఉన్నచోటు పటమున నల్లగా పడును. అట్లయినచో మెదడు గదులలోని నీటిని సూదితో తీసివేసి ఆ చోట గాలిని నింపినచో ఏమగును? 1918లో ఆయన ఈ ప్రయోగమును తలలో నీరు చేరిన పసిపిల్లలపై చేసి, ఫలితమును ప్రకటించినాడు. గదులు అచ్చుపోసినట్లు కనబడినవి. ఒక ప్రక్క కంతి పెరిగినచో ఆ ప్రక్క గది నలిగిపోయి, రెండవది పక్కకు ఒరిగియుండును. దానినిబట్టి కంతి ఎచటనున్నదో శస్త్రవైద్యుడు తెలిసికొనవచ్చును. మరుసటి సంవత్సరమే, పుఱ్ఱెకు రంధ్రము చేయకుండ, నడుమున వెన్నులో సూది గ్రుచ్చి గాలిని పైకి పంపు మార్గమును కూడ ఆయన చూపినాడు. తన్ను తాను చూపని మెదడు తనలోని శూన్యమువలన పట్టువడినది.

అయితే ఈ పరీక్షలో రోగి పడిన బాధ సామాన్యము కాదు. తల పగిలిపోవునంత నొప్పి, ఆగని వాంతులు, కొందరికి కొన్ని దినములవరకు మంచము దిగలేని స్థితి. గాలి అన్ని మూలలకును చేరుటకై రోగిని కుర్చీకి కట్టి, తలక్రిందులుగా త్రిప్పు యంత్రములు కూడ తరువాతి కాలమున వచ్చినవి. 1970 ప్రాంతమువరకు ఈ పద్ధతి సాగినది. రాబోవు కథకు ఈ బాధతో ఒక సంబంధమున్నది కనుక దీనిని ఇంత చెప్పవలసివచ్చినది. జబ్బు లేని మనిషిని పట్టి ఇట్టి పరీక్ష చేయుటకు ఏ వైద్యునికిని మనసొప్పదు. కావున ఆరోగ్యవంతుల మెదడు గదులు ఎంత పరిమాణమున నుండునో ఎవరికిని సరిగా తెలియకపోయినది.

1927లో జర్మనీలోని జేనా నగరమున యాకోబి, వింక్లర్ అను ఇరువురు వైద్యులు ఈ గాలి పరీక్షను బహుకాలముగా స్కిజోఫ్రీనియాతో బాధపడుచున్న 19 మందికి చేసినారు. స్కిజోఫ్రీనియా అనగా, మనిషి తలంపుల అల్లిక చెదరిపోయి, లేని మాటలు చెవిని పడుచు, తనవారిపైననే అకారణమైన అనుమానము కలుగుచుండు జబ్బు. ప్రతి నూరుమందిలో రమారమి ఒకరికి జీవితమున ఎప్పుడో ఒకప్పుడు ఇది రావచ్చును. ఆ 19 మందిలో 18 మందికి మెదడు గదులు పెద్దవైనట్లు వారు వ్రాసినారు. మెదడు గదులు మానసిక వ్యాధినిగూర్చి చెప్పిన తొలి సాక్ష్యములలో ఇది ఒకటి. కాని ఎవరి గదులకంటె పెద్దవి? పోల్చి చూచుటకు ఆరోగ్యవంతులు లేరు. ఒకరు నిజమన్నారు, మరొకరు కాదన్నారు. ఆ వివాదము తేలక దాదాపు 50 ఏండ్లు పడియుండినది.

ఆ 1927వ సంవత్సరముననే, జూను నెలలో, పోర్చుగల్ దేశపు లిస్బన్ నగరమున ఎగాస్ మోనిజ్ అను నాడీవైద్యుడు మెడలోని ధమనిలోనికి ఎక్స్-రేకు తెలియు మందునెక్కించి, మెదడులోని రక్తనాళములను చెట్టు కొమ్మలవలె పటమున చూపినాడు. దారి అంత సుగమముగా నడువలేదు. తొలి ప్రయత్నములలో ఒక రోగి ప్రాణము పోయినది. అయినను ఈ విద్య నేటికిని నిలిచియున్నది. చిత్రమేమనగా, ఆయనకు నోబెల్ బహుమానము దీనికి రాలేదు. 1935లో మానసిక రోగుల మెదడు ముందుభాగమున నాడీతంతువులను కోసివేయు శస్త్రచికిత్సను ఆయన ప్రారంభించినాడు. 1949లో బహుమానము దానికి వచ్చినది. ఆ చికిత్స పొందినవారిలో పెక్కుమంది తమ పూర్వపు చురుకుదనమును, ఆసక్తిని ఎన్నడును తిరిగి పొందలేదు. మెదడును కోయకుండ చూచు ఉపాయమును కనిపెట్టిన చేయియే, ఏమియు చూడకుండ కోయు ఉపాయమును కూడ కనిపెట్టినది. రెండవదానికి పట్టిన హారతి మొదటిదానికి పట్టకపోవుట ఆ కాలపు వైద్యుల తొందరపాటును తెలుపుచున్నదని మా అభిప్రాయము.

రేడియో వినువారికి ప్రత్యేకముగా రుచించు ఉదంతమొకటి ఈ సందర్భమున చెప్పవలెను. 1928లో అమెరికాలో జాన్ ఫుల్టన్ అను వైద్యుడు ఒక యువరోగి వృత్తాంతమును ప్రకటించినాడు. ఆ యువకునికి తల వెనుకభాగమున, చూపునకు సంబంధించిన చోట, రక్తనాళములు చిక్కువడి ముడివేసికొన్నవి. ఆ ముడిలో రక్తము ప్రవహించు రొద వానికే వినబడుచుండెను. వైద్యుడు గొట్టము పెట్టి విన్నను వినబడుచుండెను. ఆ యువకుడు వార్తాపత్రిక చేతబట్టి చదువ మొదలిడగానే రొద హెచ్చెడిది. కన్నులు మూసికొని ఊరకున్నచో తగ్గెడిది. పొగాకు వాసన చూచినను హెచ్చెడిది కాదు. మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు రక్తము అధికముగా పోవును అను సత్యమును ఫుల్టన్ కంటితో చూడలేదు, చెవితో విన్నాడు. నేటి గొప్ప యంత్రములు చాలవరకు ఈ ఒక్క సత్యముపైననే నిలిచియున్నవి.

ఆ రక్తమును కొలుచుట సీమోర్ కెటీ వలన సాధ్యమైనది. ఫిలడెల్ఫియాలో ఆయనయు, కార్ల్ ష్మిట్ అనునతడును, రోగి చేత కొద్దిపాటి నైట్రస్ ఆక్సైడ్ వాయువును పీల్పించి, మెదడునకు పోవు రక్తములోను, మెదడునుండి వచ్చు రక్తములోను దాని పాళ్లను చూచి లెక్క కట్టినారు. మెదడు 100 గ్రాములకు నిమిషమునకు సుమారు 54 మిల్లీలీటర్ల రక్తము పోవునని తేలినది. దేహపు బరువులో నూటికి 2 పాళ్లుండు మెదడు, విశ్రాంతిలో దేహము పీల్చు ఆమ్లజనిలో 5వ వంతును తానే వాడుకొనుచున్నది. 1948లో కెటీ స్కిజోఫ్రీనియా రోగులను ఇట్లే పరీక్షించినాడు. ఆరోగ్యవంతులకును వారికిని లెక్కలో భేదమే లేదు. ఆయన దీనివలన మెదడునకు ఏ లోపము లేదని తీర్మానింపలేదు. ఊరి మొత్తము ధాన్యపు ఖర్చును చూచి ఏ ఇంట పస్తున్నారో చెప్పలేము గదా. మొత్తమును కాక, ఏ చోట ఎంత అని కొలువవలెను. దానికి కావలసిన సాధనము అప్పటికి లేదు.

ఆ 1948లోనే ఫ్రీడా ఫ్రామ్-రైఖ్‌మన్ అను మనోవైద్యురాలి వ్రాతలో ఒక మాట పుట్టినది. స్కిజోఫ్రీనియాను పుట్టించు తల్లి అని ఆ మాటకు అర్థము. తల్లి ప్రేమ చూపక, అదలించి, అణచి పెంచుటవలన బిడ్డకు ఈ జబ్బు వచ్చునని దాని భావము. అమెరికాలో ఆ మాట సుమారు 30 ఏండ్లు చెలామణియైనది. జబ్బుపడిన కుమారుని వెంటబెట్టుకొని వైద్యశాలకు వచ్చిన తల్లిని వైద్యుడు నేరస్థురాలిని చూచినట్లు చూచిన కాలమది. బిడ్డ చెడిన దుఃఖమొకటి, తానే చెరిచితినను దుఃఖము మరొకటి. ఈ నేరమునకు సాక్ష్యమేదియు లేదు. మెదడులో ఏమున్నదో కనబడనంతవరకు ఎవరు ఏమైనను అనవచ్చును.

ఇక కథ ఇంగ్లండునకు, మనకు పరిచితమైన ఒక సంస్థ దగ్గరకు పోవలసియున్నది. కొమ్ముబూర ఎదుట కూర్చుండి యజమాని గొంతు వినుచున్న కుక్కబొమ్మ రికార్డులను మన పెద్దల ఇండ్లలో చూడనివారుండరు. ఆ హిజ్ మాస్టర్స్ వాయిస్ రికార్డులు వేసినది గ్రామఫోన్ కంపెనీ. 1931లో అది మరొక కంపెనీతో కలిసి ఇ.ఎం.ఐ. అను సంస్థయైనది. తెలుగు పద్యములను, హరికథలను ఇంటింట వినిపించిన ఆ సంస్థ ప్రయోగశాలలోనే మెదడును చూపు యంత్రము పుట్టుట ఒక వింత. బీటిల్స్ గాయకుల రికార్డులవలన వచ్చిన లాభముతోనే ఆ యంత్రము తయారైనదని ఒక ప్రచారమున్నది. కాని బ్రిటిష్ ప్రభుత్వపు ఆరోగ్యశాఖ పెట్టిన సొమ్మే అందు ఎక్కువ.

యంత్రమును నిర్మించినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. పల్లెలో వ్యవసాయదారుని ఇంట పుట్టి, యుద్ధకాలమున విమానదళములో రాడార్ విద్య నేర్చిన ఇంజనీరు. విశ్వవిద్యాలయపు పట్టము లేదు. ఆయన ఊహను మనము పిల్లల అంకెల ఆటతో పోల్చవచ్చును. నాలుగు గళ్లలో నాలుగు అంకెలు దాచియున్నవి. అడ్డము వరుసల మొత్తము, నిలువు వరుసల మొత్తము, మూలకు మూల మొత్తము మాత్రము మనకు చెప్పినారు. దానినిబట్టి ఏ గడిలో ఏ అంకె ఉన్నదో కనుగొనవచ్చును. అటులనే తల చుట్టును త్రిప్పుచు, అన్ని వైపులనుండి సన్నని కిరణమును పంపి, అది దాటివచ్చునప్పుడు ఎంత బలహీనపడినదో కొలిచినచో, లోపల ఏ గడిలో ఏమున్నదో కంప్యూటరు లెక్కకట్టగలదు. తొలి ప్రయోగమున ఒక పాత లేత్ యంత్రపు బల్లపై ఆయన పరికరములనమర్చినాడు. ఒక్క బొమ్మకు కావలసిన 28,000 కొలతలు తీయుటకు 9 దినములు పట్టినది. కబేళానుండి పశువు మెదడు తెచ్చి, లండను నగరమున ప్రజలెక్కు వాహనములలోనే మోసికొనిపోయి, దానిపై పరీక్షించినాడు.

1971 అక్టోబరు 1వ తేదీన విమ్బుల్డన్‌లోని అట్కిన్సన్ మార్లీ వైద్యశాలలో, జేమ్స్ ఆంబ్రోస్ అను వైద్యుని పర్యవేక్షణమున ఒక స్త్రీకి తొలిసారి ఈ పరీక్ష జరిగినది. సూది లేదు, గాలి లేదు, నొప్పి లేదు. మెదడు ముందుభాగమున గుండ్రని నల్లని తిత్తి బొమ్మలో కనబడినది. ఆ బొమ్మ 80 గళ్లు అడ్డము, 80 గళ్లు నిలువు. నేటి కన్నులకు ముతక చాపవలె తోచును. అయినను నాడీవైద్యమును అది ఒక్క దినమున మార్చివైచినది. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కును, ఇట్టి గణితమును వేరుగా ముందే ఆలోచించిన అలన్ కార్మాక్‌కును నోబెల్ బహుమానము వచ్చినది. సి.టి. స్కాన్ అని నేడు మన జిల్లా కేంద్రములలో కూడ వాడుకలోనున్న మాట దీనిదే.

బొమ్మ కనబడినంతమాత్రమున జబ్బు పేరు తెలియదనుటకు మన దేశముననే మంచి నిదర్శనమున్నది. సి.టి. యంత్రములు మన దేశమునకు వచ్చిన తరువాత, మూర్ఛలతో వచ్చిన రోగులలో చాలమందికి మెదడులో ఉంగరమువంటి చిన్న తెల్లని మచ్చ ఒకటి కనబడినది. మన దేశమున క్షయ ఎక్కువ గనుక అది క్షయ గడ్డయని అనేకులు తలచి, నెలల తరబడి క్షయ మందులిచ్చినారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చంది, రాజశేఖర్ ప్రభృతి వైద్యులు ఆ మచ్చలను శస్త్రచికిత్సతో తీసి సూక్ష్మదర్శినితో చూచినారు. పెక్కింటిలో నున్నది క్షయ కాదు, బద్దెపురుగు పిల్లతిత్తి. 1989లో వారు దీనిని లాన్సెట్ పత్రికలో ప్రకటించినారు. ఇట్టి మచ్చలు చాలవరకు తమంతట తామే మాసిపోవునని కూడ తేలినది. యంత్రము అబద్ధమాడలేదు. చదివినవారు తమ మనసులోనున్న జబ్బును దానిలో చదివినారు.

మరల మన గదుల దగ్గరకు వత్తము. సూది, నొప్పి లేని పరీక్ష దొరికినది కనుక ఇప్పుడు ఆరోగ్యవంతులను కూడ పరీక్షింపవచ్చును. జేనాలో లేకపోయినది ఇదియే. 1976లో లండను చేరువనున్న నార్త్‌విక్ పార్క్‌లో ఈవ్ జాన్‌స్టన్ అను వైద్యురాలు, టిమ్ క్రో మొదలైన సహచరులతో కలిసి, మానసిక వైద్యశాలలో ఏండ్ల తరబడి ఉండిపోయిన 17 మంది స్కిజోఫ్రీనియా రోగులను, 8 మంది ఆరోగ్యవంతులను సి.టి.లో పోల్చి చూచినది. రోగుల మెదడు గదులు పెద్దవి. ఎవరి గదులు ఎక్కువ పెద్దవో వారి బుద్ధిపరీక్షల ఫలితములు అంత తక్కువ. దాదాపు 50 ఏండ్లనుండి మూలబడిన సాక్షి మరల బోనెక్కినట్లయినది.

వెంటనే నమ్మినవారు కొందరే. మందులవలన కావచ్చునన్నారు. విద్యుచ్చికిత్సవలన కావచ్చునన్నారు. నాలుగు గోడల నడుమ ఏండ్లు గడుపుటవలన కావచ్చునన్నారు. ఈ ఆక్షేపణలు న్యాయమైనవే. 1979లో అమెరికాలో డేనియల్ వైన్‌బర్గర్ బృందము మరికొందరు రోగులలో అదే ఫలితమును చూచినది. కాని సందేహమును నిజముగా కదిలించినది 1990లో అదే బృందము ప్రకటించిన కవలల పరిశీలనము. ఒకే అండమునుండి పుట్టిన 15 జతల కవలలు. ప్రతి జతలోను ఒకరికి స్కిజోఫ్రీనియా ఉన్నది, రెండవవారికి లేదు. ఒకే బీజము, ఒకే గర్భము. వారి మెదడు బొమ్మలను జతజతగా ప్రక్కప్రక్కన పెట్టి, ఎవరు రోగియో చెప్పకుండ, గదులు ఎవరివి పెద్దవో చూడుమన్నారు. 15 జతలలో 12 జతలకు రోగి ఎవరో కంటితో చూచియే గుర్తింపగలిగినారు.

ఈ ఫలితమును రెండు విధములుగా చదువవలెను. ఒక్క తల్లి పెంచిన ఇద్దరిలో ఒకరి మెదడు వేరుగానున్నదనగా, పెంపకమే కారణమను నిందకు కాళ్లు విరిగినవి. బీజము ఒక్కటియే అయినను ఇద్దరికిని జబ్బు రాలేదనగా, వంశమే సర్వకారణమనుటకును వీలు లేదు. ఇంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆ రోగులలో పలువురి గదులు, తోడ పుట్టినవారితో పోల్చినప్పుడే పెద్దవి. ఆ బొమ్మను ఒంటిగా తీసి చూచినచో, అది లోకములోని ఆరోగ్యవంతుల హద్దులలోనే ఉండెడిది. జబ్బు రాకున్నచో నీ మెదడు ఎట్లుండెడిదో చూపుటకు ఒక కవల కావలసివచ్చినది. మనలో ఎందరికి కవలలున్నారు?

కవలల బొమ్మలు తీసినది ఎక్స్-రేతో కాదు, అయస్కాంతముతో. దేహములోని నీటియందున్న ఉదజని పరమాణువులను బలమైన అయస్కాంతక్షేత్రమున నిలిపి, రేడియో తరంగముతో తట్టినచో, అవి తిరిగి రేడియో సంకేతమునే పలుకును. ఆ సంకేతమునుండి బొమ్మ కట్టు ఉపాయమును 1973లో పాల్ లాటర్‌బర్ ప్రకటించినాడు. పీటర్ మాన్స్‌ఫీల్డ్ దానిని వేగవంతము చేసినాడు. ఇరువురికి 2003లో నోబెల్ బహుమానము లభించినది. ఎం.ఆర్.ఐ. అని దీనికి వాడుక పేరు. మన ఇండ్లలోని రేడియో పెట్టె ఒక కేంద్రమునకు శ్రుతి కలుపుకొన్నట్లే, ఈ యంత్రము పరమాణువుల పలుకునకు శ్రుతి కలుపుకొనును. ఉదజనికి మారుగా భాస్వరమునకు శ్రుతి కలిపినచో, బ్రతికియున్న మెదడు తన శక్తిని ఎట్లు నిలువచేయుచున్నదో తెలియును. ఆ గీతలో నిటారుగా లేచు శిఖరము ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థముది. 1927లో హార్వర్డులో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆ పదార్థమును కనుగొన్నవాడు భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఏ దేశమున ఎవరి మెదడు పరీక్షించినను, ఆ గీతలో ఆయన శ్రమ ఒక శిఖరమై లేచుచున్నది.

నాడీవ్యాధులలో ఈ విద్యలు సాధించినది చాల గొప్పది. అచట విశేషించి వాదములేదు కనుక త్వరగా చెప్పి ముగింతుము. పక్షవాతమున నాళము మూసికొన్నదా, చిట్లినదా అనునది సి.టి. నిమిషములలో చెప్పును, రెంటికిని చికిత్స వేరు. మూర్ఛరోగులలో కొందరికి మెదడు ప్రక్కభాగముననున్న మచ్చను ఎం.ఆర్.ఐ. చూపును, దానిని తీసివేసినచో అనేకులకు మూర్ఛలు ఆగును. చేతులు వణకు పార్కిన్సన్ జబ్బులో లోపించు డోపమైన్ పదార్థపు జాడను, రేడియో ధార్మిక పదార్థముతో 1983లో కెనడాలోని హామిల్టన్ నగరమున బ్రతికియున్న మనిషిలో తొలిసారి బొమ్మకట్టినారు. మతిమరుపు తెచ్చు అల్జీమర్ జబ్బులో మెదడున పేరుకొను మలినమును, 1906లో అల్జీమర్ పండితుడు వర్ణించిన నాటినుండి, మరణానంతరము సూక్ష్మదర్శినితో చూడవలసినదే. పిట్స్‌బర్గ్ పండితులు తయారుచేసిన ఒక పదార్థముతో 2002లో స్వీడన్‌లోని ఉప్సాలాలో దానిని సజీవుని మెదడులో చూచినారు. నేడు కొన్ని క్రొత్త మందులనిచ్చుటకు ముందు ఆ మలినము నిజముగా ఉన్నదని చూపవలసియున్నది.

మనోవ్యాధులలో అట్టి విజయము రాలేదు. 1990లో సీజీ ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు, అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో, ఆమ్లజని విడిచిన రక్తము అయస్కాంత సంకేతమును కొంచెము చెరుచునని చూపినాడు. ఫుల్టన్ చెవితో విన్నది ఇక రంగులలో కనబడ మొదలిడినది. భయపడినచో ఈ చోట, సంతోషించినచో ఆ చోట వెలుగునని పత్రికలు బొమ్మలు వేసినవి. ఆ ఉత్సాహమునకు 2009లో ఒక చచ్చిన చేప అడ్డు తగిలినది. అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ మొదలైనవారు ఒక చచ్చిన సాల్మన్ చేపను యంత్రములో పెట్టి, మనుష్యుల ఫొటోలు చూపి, వారి మనోభావమేమని అడిగినారు. లెక్కలో తీసికొనవలసిన జాగ్రత్త తీసికొననప్పుడు, చేప మెదడులో కూడ కొన్ని చోట్లు వెలిగినవి. వేలకొలది గళ్లను ఒక్కసారిగా పరీక్షించినప్పుడు కాకతాళీయముగా కొన్ని వెలుగకపోవు. నవ్వించుచునే చెంపపెట్టు పెట్టిన ప్రయోగమిది. 2022లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశీలనము మరింత గంభీరమైనది. సుమారు 50,000 మంది బొమ్మలను చూచినవారు, మెదడు తీరునకును మనస్తత్వమునకును గల సంబంధములు అతి సన్ననివనియు, వానిని నమ్మకముగా పట్టుటకు వేలమంది కావలెననియు తేల్చినారు. అంతవరకు ఇట్టి పరిశోధనలు సామాన్యముగా 25 మందితో జరుగుచుండెను.

అందుచేత ఇప్పుడు దేశదేశముల పండితులు తమ బొమ్మలను ఒకచోట చేర్చుచున్నారు. ఎనిగ్మా అను సంఘము 2016లో 2,028 మంది స్కిజోఫ్రీనియా రోగులను, 2,540 మంది ఆరోగ్యవంతులను పోల్చి చూచినది. మెదడు గదులు రోగులలో పెద్దవనియే వచ్చినది. జేనా వైద్యులు చూచినది భ్రమ కాదు. కాని భేదము చిన్నది. ఈ రెండు గుంపుల బొమ్మలను కలిపివైచి, ఒకటి తీసి, ఇది ఎవరిదని అడిగినచో ఎవరును నమ్మకముగా చెప్పలేరు. స్కిజోఫ్రీనియాను కాని, దిగులు జబ్బును కాని ఒక్క బొమ్మతో నిర్ణయించు స్కాన్ నేటికిని లేదు.

ఇది పండితుల మధ్య మాత్రమే ఉండవలసిన మాట కాదు. నేడు మన పట్టణములలో చదువుకొను కుమారుడు ఉన్నట్టుండి గదిలో తలుపు వేసికొని తనలో తాను మాటలాడుకొనుచున్నచో, తల్లిదండ్రులు వైద్యుని దగ్గరకు పోవుదురు. వైద్యుడు స్కాన్ వ్రాయును. కంతి, వాపు, పూర్వపు దెబ్బ ఏదైననున్నదేమో చూచి త్రోసివేయుటకు అది అవసరమే. రిపోర్టు వచ్చును, అందు దోషమేమియు లేదని ఉండును. అప్పుడు తండ్రి ఇంటికి వచ్చి, స్కాన్‌లో ఏమియు లేదట, వీడు నటించుచున్నాడనును. మేమిట్టి మాటను ఒకచోట కాదు, అనేకచోట్ల విన్నాము. దోషము లేదని వ్రాసిన ఆ కాగితము చెప్పినది కంతిని గురించి, వాపును గురించి; ఆ కుఱ్ఱవాని చెవిలో వినబడుచున్న గొంతులను గురించి అది ఏమియు చెప్పలేదు. ఒకప్పుడు బొమ్మ లేక తల్లిని నిందించినారు. ఇప్పుడు బొమ్మ ఉన్నదని బిడ్డను నిందించుచున్నారు.

కంతి, వాపు లేవని తేలిన తరువాత మనోవైద్యుని పరీక్ష నేటికిని ప్రశ్నలతోనే నడుచుచున్నది. నిద్ర ఎప్పటినుండి తగ్గినది, స్నేహితులను ఎప్పుడు మానినాడు, ఎవరిపై అనుమానము మొదట కలిగినది, ఒంటరిగా ఉన్నప్పుడు ఎవరితో మాటలాడుచున్నాడు, ఇంటిలో ఇదివరలో ఎవరికైన ఇట్టి జబ్బు ఉన్నదా. రోగి చెప్పలేనిచో ఇంటివారు చెప్పవలెను. స్కాన్ రిపోర్టుతో పాటు ఈ వివరములను తేదీలతో ఒక కాగితముపై వ్రాసి తీసికొనిపోయినచో, వైద్యుడు ఎక్కువసేపు చదువునది ఆ కాగితమునే.